నిద్రపోతున్న కంప్యూటర్‌ని రౌటర్‌తో లేపడం: ఇంట్లో మొదలుపెట్టి ఊరు దాటేదాకా

ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని బయట నుంచి ఆన్ చేసుకోవడం ఎలాగని అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేసి వచ్చి ఉంటారు. రౌటర్‌లో పోర్ట్ (బయట నుంచి లోపలికి రానిచ్చే తలుపు లాంటిది) తెరుస్తారు, ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంటారు, బటన్ నొక్కుతారు. మొదటిసారి లేస్తుంది. సంబరపడి ఊరెళ్తారు. మర్నాడు ఎంత నొక్కినా లేవదు.

అలా ఎందుకవుతుందో 6వ అడుగులో చెబుతాను. ఈ పని లోపలి నుంచి బయటికి చేసుకుంటూ రావాలి. ముందు కంప్యూటర్, తర్వాత ఇంటి నెట్‌వర్క్, ఆ తర్వాత రౌటర్, చివర్న ఇంటర్నెట్. ఒక అడుగు పనిచేసిందని కళ్లారా చూశాకే రెండో అడుగు వేయండి. అన్నీ ఒకేసారి పెట్టేస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికే ఆదివారం గడిచిపోతుంది.

ఇలా నెట్‌వర్క్ ద్వారా లేపడాన్ని వేక్ ఆన్ ల్యాన్ అనీ, లేపడానికి పంపే సందేశాన్ని మేజిక్ ప్యాకెట్ అనీ అంటారు. పేరుకే మేజిక్. ముందు ఆరు ఎఫ్‌ఎఫ్ బైట్లు, వాటి వెనక మీ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే ఆరు బైట్ల గుర్తు) 16 సార్లు, మొత్తం 102 బైట్లు, అంతే. కంప్యూటర్ పడుకున్నా దాని నెట్‌వర్క్ కార్డుకి కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది. తన అడ్రస్ వరసగా 16 సార్లు కనిపించగానే ఆ కార్డు మదర్‌బోర్డుని తట్టి లేపుతుంది. ఐపీ అడ్రస్‌తో దానికి పని లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

## 1. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

కంప్యూటర్‌కి నెట్ కేబుల్‌తో వస్తుండాలి. వైఫై మీద లేపడం కొన్ని ల్యాప్‌టాప్‌లలో కుదురుతుంది కానీ, దాన్ని నమ్ముకుని ఊరెళ్లొద్దు. రౌటర్ పక్క గదిలో ఉంటే ఒక కేబుల్ లాగించుకోండి, తర్వాత పడే తలనొప్పి కంటే అది చవక.

యూఎస్‌బీకి తగిలించే నెట్‌వర్క్ అడాప్టర్లతోనూ జాగ్రత్త. కంప్యూటర్ పడుకోగానే చాలా బోర్డులు ఆ పోర్ట్‌కి కరెంటు ఆపేస్తాయి. బోర్డు మీదే ఉన్న పోర్ట్ వాడండి.

ఇప్పుడు చిన్న పరీక్ష. కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి వెనక్కి వెళ్లి, కేబుల్ దూర్చిన చోట లైటు చూడండి. వెలుగుతోందంటే కార్డు మెలకువగా ఉన్నట్టే. ఆరిపోయిందంటే 2, 3 అడుగులు అయ్యేదాకా రౌటర్ జోలికి వెళ్లి లాభం లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- రౌటర్ అడ్మిన్ పేజీ పాస్‌వర్డ్ (వైఫై పాస్‌వర్డ్ కాదు)
- కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్
- అదే నెట్‌వర్క్‌లో ఉన్న రెండో పరికరం, ఫోనైనా సరే
- రాసుకోవడానికి ఒక కాగితం, ఎందుకంటే బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) మార్చినవి గుర్తుండవు

## 2. బయోస్‌లో మార్చాల్సినవి

కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. పవర్ మేనేజ్‌మెంట్ లాంటి పేరున్న పేజీకి వెళ్లండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది కాబట్టి పేరు కన్నా అర్థం చూడండి.

- 'వేక్ ఆన్ ల్యాన్' లేదా 'పవర్ ఆన్ బై పీసీఐ-ఈ': ఆన్ చేయాలి.
- 'ఈఆర్‌పీ' లేదా 'డీప్ స్లీప్ కంట్రోల్': ఆఫ్ చేయాలి.
- 'రిస్టోర్ ఏసీ పవర్ లాస్' లేదా 'ఏసీ బ్యాక్' లేదా 'ఏసీ రికవరీ': కరెంటు రాగానే 'పవర్ ఆన్' అని పెట్టాలి.

రెండోది చాలామంది వదిలేస్తారు. ఈఆర్‌పీ అంటే కరెంటు ఆదా చేసే ఏర్పాటు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేయగానే కార్డుకి అందే ఆ కాస్త కరెంటు కూడా ఆగిపోతుంది. వేక్ ఆన్ ల్యాన్ ఆన్‌లోనే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

మూడోది కరెంటు కోతలున్న మన ఊళ్లకి తప్పనిసరి. కరెంటు పోయి వచ్చాక చాలా బోర్డులలో నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్ కోసం కాచుకుని ఉండదు. ఒకసారి కంప్యూటర్ ఆన్ అయి, మళ్లీ పడుకుంటేనే కాపలా మొదలవుతుంది. అందుకే కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టి, విండోస్‌లో అరగంట తర్వాత స్లీప్‌లోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. ఆ రెండూ కలిస్తే కోత తర్వాత కూడా కంప్యూటర్ మీ చేతికి అందుతుంది. ఇంకో సంగతి: మామూలు స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది. ఫైళ్లు సేవ్ చేసుకునే పడుకోబెట్టండి.

## 3. విండోస్‌లో చేయాల్సినవి

డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఈథర్నెట్ కార్డు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి.

పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో మూడు గడులుంటాయి. మూడింటికీ టిక్ పెట్టండి. మూడోది 'మేజిక్ ప్యాకెట్ వస్తేనే లేపు' అనే అర్థంలో ఉంటుంది. దాన్ని వదిలేస్తే నెట్‌వర్క్‌లో చీమ చిటుక్కుమన్నా కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. అర్ధరాత్రి ఫ్యాన్ చప్పుడుకి మెలకువ వచ్చిందని చెప్పేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఆ గడినే.

అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో:

- వేక్ ఆన్ మేజిక్ ప్యాకెట్: ఎనేబుల్డ్
- వేక్ ఆన్ ప్యాటర్న్ మ్యాచ్: డిసేబుల్డ్
- షట్‌డౌన్ వేక్-ఆన్-ల్యాన్, రియల్‌టెక్ కార్డుల్లో ఉంటుంది: ఎనేబుల్డ్
- ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్: లేవడంలో నిలకడ లేకపోతే డిసేబుల్డ్

ఇక ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'లోకి వెళ్లి దాన్ని తీసేయండి. గడి మసకగా ఉండి మారకపోతే పైనున్న 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు మీరు షట్‌డౌన్ అనుకునేది పూర్తి షట్‌డౌన్ కాదు. ఆ సగం సగం స్థితి నుంచి విండోస్ మేజిక్ ప్యాకెట్‌తో లేవదు.

ఇక్కడ నా సలహా: కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేయకుండా స్లీప్‌లోనో హైబర్నేట్‌లోనో ఉంచండి. వీటి నుంచి లేవడం విండోస్ చూసుకుంటుంది. పూర్తి షట్‌డౌన్ నుంచి లేవడం బోర్డునీ డ్రైవర్‌నీ బట్టి ఉంటుంది. మీ బోర్డులో పనిచేస్తే మంచిదే, దాని మీదే ఆధారపడొద్దు.

సెట్టింగ్ పడిందో లేదో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీతతో డివైస్‌క్వెరీ, మళ్లీ ఖాళీ వదిలి, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్ అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చే జాబితాలో మీ ఈథర్నెట్ కార్డు పేరు ఉండాలి.

లినక్స్ వాడేవాళ్లు ఈథ్‌టూల్‌తో కార్డుని అడగండి. 'వేక్-ఆన్' ఎదురుగా డి అని ఉంటే ఆగి ఉంది, జి అని ఉంటే మేజిక్ ప్యాకెట్‌కి సిద్ధం. ఈథ్‌టూల్‌తో మార్చింది రీస్టార్ట్‌తో పోతుంది, అందుకే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కి వేక్-ఆన్-ల్యాన్ 'మేజిక్' అని పెట్టుకుంటే నిలుస్తుంది. యాపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో అయితే ఎనర్జీ సెట్టింగ్స్‌లో 'వేక్ ఫర్ నెట్‌వర్క్ యాక్సెస్' ఆన్ చేయడమే.

## 4. మ్యాక్ అడ్రస్ రాసుకోవడం, ఐపీని కట్టేయడం

కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్‌కి ముందుకు వాలిన గీత, ఆల్ చేర్చి కొడితే 'ఫిజికల్ అడ్రస్' అని ఆరు జతల అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. అదే మ్యాక్ అడ్రస్.

తప్పు జరిగేది ఇక్కడే. ఆ తెరమీద వైఫై కార్డుదీ, బ్లూటూత్‌దీ, వర్చువల్‌బాక్స్ లాంటివి పెట్టుకుంటే వాటివీ కూడా కనిపిస్తాయి. మీకు కావలసింది కేబుల్ దూర్చిన ఈథర్నెట్ కార్డుది. వైఫై అడ్రస్‌కి ప్యాకెట్లు పంపుతూ రౌటర్‌ని తిట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నేనూ ఒకసారి అలాగే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

తర్వాత రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచే) సెట్టింగ్స్‌కి వెళ్లి 'అడ్రస్ రిజర్వేషన్'లో ఆ మ్యాక్‌కి ఒక ఐపీ కట్టేయండి, ఉదాహరణకి 192.168.1.50. లేపడానికి ఐపీ అక్కర్లేదన్నాం కదా, మరి ఇదెందుకు? లేచాక రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వెళ్లాలంటే అది ఎక్కడుందో తెలియాలి.

## 5. ఇంట్లోనే పరీక్ష

ఫోన్‌ని ఇంటి వైఫైలో పెట్టి, వేక్ ఆన్ ల్యాన్ యాప్ ఏదైనా ఒకటి వేసుకోండి. మ్యాక్ అడ్రస్ ఇవ్వండి. బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ చేరే అడ్రస్) అడిగితే 192.168.1.255, పోర్ట్ 9. మీ ఇంటి ఐపీ వరస వేరే అయితే చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలు దాని ప్రకారం మార్చుకోండి.

కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి రెండు నిమిషాలాగి నొక్కండి. ఆ తర్వాత గంట ఆగి మళ్లీ నొక్కండి. రెండోసారి కూడా లేస్తేనే ఈ అడుగు దాటినట్టు.

లేవకపోతే:

- ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. అక్కడి నుంచి ప్యాకెట్ కేబుల్ వైపు దాటదు.
- రౌటర్‌లో 'ఏపీ ఐసోలేషన్' (వైఫై పరికరాల్ని మిగతావాటితో కలవనివ్వని ఏర్పాటు) ఆన్‌లో ఉంటే తీసేయండి.
- ఇంట్లో రెండు రౌటర్లు ఉంటే, అంటే నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్ ఒకటి, మీరు కొన్నది ఒకటి, ఫోనూ కంప్యూటరూ ఒకే రౌటర్ కింద ఉన్నాయో లేదో చూడండి. ఒకటి దీని కింద, ఇంకొకటి దాని కింద ఉంటే రెండూ వేరువేరు ఇళ్లలో ఉన్నట్టే లెక్క.

అసలు ప్యాకెట్ వస్తోందా లేదా అన్న అనుమానం తీరాలంటే కంప్యూటర్ మెలకువగా ఉండగానే, వచ్చే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ తెరిచి, ఫిల్టర్‌లో వేక్ ఆన్ ల్యాన్‌కి పొడి అక్షరాలైన డబ్ల్యూఓఎల్ అని చిన్న అక్షరాల్లో కొట్టండి. ఫోన్‌లో నొక్కగానే ఒక వరస కనిపిస్తే దారి బాగుంది, లోపం కంప్యూటర్ సెట్టింగ్స్‌లో ఉంది. ఏమీ కనిపించకపోతే కంప్యూటర్‌ది తప్పు కాదు, దారిది.

## 6. రౌటర్ చేతే ప్యాకెట్ పంపించడం

మొదట్లో వదిలేసిన ప్రశ్న: మొదటిసారి లేచి, మర్నాడు ఎందుకు లేవదు?

బయట నుంచి వచ్చిన ప్యాకెట్‌ని రౌటర్ 192.168.1.50కి అందించాలంటే, ఆ ఐపీ ఏ మ్యాక్‌దో దానికి తెలియాలి. అందుకోసం అది ఇంటి నెట్‌వర్క్‌లో కేకేస్తుంది: ఈ ఐపీ ఎవరిది? మెలకువగా ఉన్న కంప్యూటర్ నాదేనంటుంది. రౌటర్ ఆ జవాబుని ఏఆర్‌పీ పట్టికలో కొన్ని నిమిషాలు ఉంచుకుని తర్వాత చెరిపేస్తుంది. కంప్యూటర్ పడుకున్న వెంటనే మీరు ప్రయత్నిస్తే పట్టికలో పాత జవాబు ఉంటుంది కాబట్టి ప్యాకెట్ చేరుతుంది. కాసేపయ్యాక రౌటర్ మళ్లీ కేకేస్తే పడుకున్నది పలకదు. ప్యాకెట్ గుమ్మంలోనే ఆగిపోతుంది.

పోర్ట్‌ని బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ 192.168.1.255కి మళ్లిస్తే సరిపోతుంది కదా అంటారు. చాలా రౌటర్లు దాన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్నా నేను వద్దంటాను, ఎందుకంటే మేజిక్ ప్యాకెట్‌కి తాళం లేదు. మ్యాక్ అడ్రస్ తెలిసిన ఎవడైనా మీ కంప్యూటర్‌ని లేపొచ్చు.

సరైన దారి వేరే ఉంది. ప్యాకెట్‌ని బయట నుంచి మోసుకురావద్దు. మీరు రౌటర్ దాకా భద్రంగా చేరండి, ప్యాకెట్‌ని ఇంట్లోనే ఉన్న రౌటర్ చేత పంపించండి. దానికి ఏఆర్‌పీ పట్టికతో పని లేదు, మేజిక్ ప్యాకెట్ కోసం పోర్ట్ తెరవాల్సిన పని కూడా లేదు.

అసుస్ రౌటర్లు: అడ్మిన్ పేజీలో 'నెట్‌వర్క్ టూల్స్', అందులో 'వేక్ ఆన్ ల్యాన్'. మ్యాక్ ఇచ్చి జాబితాలో చేర్చుకుంటే తర్వాత ఒక్క నొక్కుతో పనైపోతుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునేది): సాఫ్ట్‌వేర్ పేజీలో వేక్ ఆన్ ల్యాన్‌కి సంబంధించిన లూసీ (దాని అడ్మిన్ పేజీ) యాప్‌నీ, ఈథర్‌వేక్ అనే ప్యాకేజీనీ వేసుకోండి. సర్వీసెస్ కింద 'వేక్ ఆన్ ల్యాన్' వస్తుంది. ఇంటర్‌ఫేస్ అడిగినచోట బీఆర్-ల్యాన్ (ఇంటి వైపు నెట్‌వర్క్) ఎంచుకోండి. ఇది ముఖ్యం. కమాండ్ లైన్‌లో ఇంటర్‌ఫేస్ చెప్పకపోతే ఈథర్‌వేక్ ఈటీహెచ్0 వైపు పంపేస్తుంది, చాలా రౌటర్లలో అది మీ ఇంటి వైపు కాదు. తప్పు చూపించదు, పంపానంటుంది, కంప్యూటర్ లేవదు.

మైక్రోటిక్: టెర్మినల్‌లో టూల్ కింద డబ్ల్యూఓఎల్ ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌గా మీ బ్రిడ్జ్ పేరు, తర్వాత మ్యాక్ ఇవ్వాలి.

ఫ్రిట్జ్‌బాక్స్: జర్మనీలో ఉండే మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. హోమ్ నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ వివరాలు తెరిస్తే 'స్టార్ట్ కంప్యూటర్' బటన్ అక్కడే ఉంటుంది.

ఇవేవీ లేని రౌటర్ అయితే, కొన్ని టీపీ-లింక్ మోడళ్లలో ఉన్నట్టు 'ఐపీ అండ్ మ్యాక్ బైండింగ్' ఉందేమో చూడండి. దాంతో ఏఆర్‌పీ జవాబుని శాశ్వతంగా రాసిపెట్టొచ్చు. అప్పుడు పడుకున్న కంప్యూటర్‌కి కూడా ప్యాకెట్ చేరుతుంది. కాకపోతే పోర్ట్ తెరవాలి కాబట్టి ఇది నా లెక్కలో ఆఖరి మార్గం.

నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్ ఒక్కటే ఉంటే వీటిలో ఏదీ దొరకకపోవచ్చు. అలాంటి ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టడం మేలు. ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, కరెంటు పెద్దగా తినదు. అందులో వేక్‌ఆన్‌ల్యాన్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని, ఆ పేరు పక్కన మ్యాక్ అడ్రస్ కొడితే రౌటర్ చేయాల్సిన పని అది చేసేస్తుంది.

## 7. బయట నుంచి రౌటర్ దాకా చేరడం

ముందు మీకు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే అడ్రస్) ఉందో లేదో చూడండి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి ఇంటర్నెట్ వైపు ఉన్న అడ్రస్) రాసుకోండి. అదే నెట్‌లో బ్రౌజర్ తెరిచి మీ ఐపీ ఎంతో చూపించే సైట్‌లో ఏముందో చూడండి. రెండూ ఒకటే అయితే పబ్లిక్ ఐపీ ఉన్నట్టు.

వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే చాలా ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి తలుపు కనిపించదు. మన దగ్గర ఇళ్లకిచ్చే కనెక్షన్లలో ఇది మామూలే. 10 తోనో 192.168 తోనో మొదలైతే మీ రౌటర్ పైన ఇంకో రౌటర్ ఉంది.

పబ్లిక్ ఐపీ ఉంటే: రౌటర్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) సర్వర్ పెట్టుకోండి. మామూలుగా దాని పోర్ట్ యూడీపీ 51820. ఫోన్‌లో వైర్‌గార్డ్ ఆన్ చేసి, రౌటర్ పేజీ తెరిచి, అక్కడి బటన్ నొక్కండి.

సీజీనాట్ వెనక ఉంటే: టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి, లేదా నెట్ కంపెనీకి అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోండి. టెయిల్‌స్కేల్‌ని రాస్ప్‌బెర్రీ పైలో గానీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌లో గానీ పెట్టాలి. పడుకునే కంప్యూటర్‌లో మాత్రమే పెడితే అదీ దాంతో పాటే పడుకుంటుంది!

ఇంకో తప్పు ఎక్కువగా చూస్తుంటాను. వీపీఎన్ ఆన్ చేసి, 5వ అడుగులో వాడిన ఫోన్ యాప్‌నే నొక్కుతుంటారు. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ బ్రాడ్‌కాస్ట్‌ని అవతలి నెట్‌వర్క్‌లోకి మోయవు. బటన్ రౌటర్ పేజీలో నొక్కాలి, లేదా రాస్ప్‌బెర్రీ పైలోకి లాగిన్ అయి అక్కడి నుంచి పంపాలి.

రౌటర్ అడ్మిన్ పేజీని 'రిమోట్ మేనేజ్‌మెంట్' పేరుతో ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని అసలే వద్దు. రెండూ వీపీఎన్ లోపలి నుంచే. విండోస్ హోమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి రానిచ్చే సౌకర్యం లేదు, కాబట్టి హోమ్ వాడేవాళ్లు వేరే రిమోట్ సాఫ్ట్‌వేర్ ముందే వేసుకుని పరీక్షించుకోవాలి.

## 8. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

లేస్తుంది, రెండు నిమిషాల్లో మళ్లీ పడుకుంటుంది. మనిషి లేకుండా లేచిన కంప్యూటర్‌ని విండోస్ మామూలుగా రెండు నిమిషాలకే పడుకోబెడుతుంది. ఆలోపు లాగిన్ అయితే చాలు. టీ పెట్టుకుని వచ్చి కనెక్ట్ అవుదామనుకుంటే కుదరదు.

విండోస్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయింది. కొత్త డ్రైవర్‌తో 3వ అడుగులోని సెట్టింగ్స్ మారిపోయి ఉంటాయి. ఫాస్ట్ స్టార్టప్ కూడా మళ్లీ చూసుకోండి.

తనంతట తానే లేస్తోంది. పవర్‌సీఎఫ్‌జీకి ముందుకు వాలిన గీతతో లాస్ట్‌వేక్ చేర్చి కొడితే ఎవరు లేపారో చెబుతుంది. మౌస్ పేరు వస్తే నెట్‌వర్క్‌ని అనుమానించకండి.

ల్యాప్‌టాప్ లేవడం లేదు. చార్జర్ పెట్టి ఉందా? బ్యాటరీ మీద ఉన్నప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు నెట్‌వర్క్ కార్డుకి కరెంటు ఇవ్వవు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా లేవదు. స్విచ్ బోర్డు చూడమని ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయండి. నేను రెండు రోజులు సెట్టింగ్స్ అన్నీ తిరగేశాక తేలింది, మా అమ్మ ప్లగ్ దగ్గర స్విచ్ ఆపేసింది. పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపడం ఆవిడకి అలవాటు. ఇప్పుడు ఆ స్విచ్ మీద టేప్ అంటించి ఉంటుంది.

## 9. ఊరెళ్లే ముందు

- కంప్యూటర్, రౌటర్, ఫైబర్ బాక్స్ మూడు ప్లగ్‌లకీ ఆపొద్దని చీటీ
- రౌటర్, ఫైబర్ బాక్స్ రెండూ ఇన్వర్టర్ మీదో చిన్న 12 వోల్టుల యూపీఎస్ మీదో (రౌటర్ ఒక్కదానికే పెడితే సరిపోదు)
- మెయిన్ ఆపి, మళ్లీ వేసి, కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయిందని చూడటం
- రాత్రంతా స్లీప్‌లో ఉంచి, పొద్దున్న ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద వీపీఎన్‌తో లేపి చూడటం
- లేచాక లోపలికి వెళ్లి, పని చేసి, మళ్లీ స్లీప్‌లో పెట్టడం (అలవాటుగా షట్‌డౌన్ నొక్కకుండా)
- మ్యాక్ అడ్రస్, ఐపీ ఫోన్‌లో రాసుకోవడం

నాలుగోది పక్క వీధిలో నిలబడి చేసినా చాలు. కానీ రాత్రంతా పడుకున్న కంప్యూటర్ మీదే చేయండి, అప్పుడే పడుకోబెట్టిన దాని మీద కాదు.